వరుసలో చివరి బండి: ఒక స్నోమొబైల్ ప్రమాదం, దాని కారణాలు

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే మోటారు బండి; ముందు తిప్పడానికి రెండు స్కీలు, వెనక బండిని నెట్టే ట్రాక్ అనే తిరిగే పట్టా ఉంటాయి. దాని మీద టూర్లు నడిపే గైడ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. టూర్లలో ప్రమాదం జరిగినప్పుడు కారణాలు చూసి చెప్పమని నిర్వాహకులు పిలుస్తుంటారు. ఈ కేసు అలా నా దగ్గరికి వచ్చింది. సంస్థ పేరు, ఊరు, మనుషుల వివరాలు తీసేశాను. ఇందులో ఎవరూ తాగి నడపలేదు, ఎవరూ పందెం వేసుకోలేదు, బండి చెడిపోలేదు. గైడ్ కూడా నెమ్మదస్తుడే. అందరూ జాగ్రత్తగానే ఉన్నామనుకున్నారు. అయినా ఒకాయన కాలు విరిగింది. కొంచెం అటూ ఇటూ అయితే ప్రాణమే పోయేది. గైడ్లు ఇలాంటి కేసునే ఎక్కువ శ్రద్ధగా చదవాలని నా కోరిక.

జరిగింది

చలికాలం మధ్యలో ఒక మధ్యాహ్నం. ఉష్ణోగ్రత మైనస్ 18. ముందు గైడ్, వెనక ఆరు బండ్లు. అడవిలో యంత్రంతో చదును చేసిన ట్రైల్ మీదుగా ఒక సరస్సు ఒడ్డుకు వెళ్లి, అక్కడి నుంచి గట్టు వెంట బసకు చేరాలి. బయల్దేరడం కొంత ఆలస్యమైంది. సరస్సు దగ్గరపడేసరికి వెలుగు తగ్గి, అందరూ హెడ్‌లైట్ల మీదే నడుపుతున్నారు.

చివరి బండి మీద భార్యాభర్తలు. ఆయనకు నలభై దాటాయి, ఎన్నో ఏళ్లుగా మోటార్‌సైకిల్ నడుపుతున్న మనిషి. స్నోమొబైల్ మాత్రం అదే మొదటిసారి. గైడ్ ఆయన్ని చివర పెట్టడానికి కారణం ఆ బైక్ అనుభవమే. "బండి అలవాటున్న మనిషి వెనక ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు నాతో. ఈ ఆలోచన చాలామంది గైడ్లలో ఉంది. దీని సంగతి తర్వాత చెబుతాను.

సరస్సుకు దిగే ముందు ట్రైల్ ఎడమకు తిరుగుతుంది. చివరి బండి తిరగలేదు. నేరుగా పోయి కుడి వైపు మంచు గట్టును ఎక్కి, ఒక చెట్టును రాసుకుని కుడి పక్కకు ఒరిగిపోయింది. వెనక కూర్చున్న ఆమె ఎగిరి మెత్తటి మంచులో పడ్డారు. ఆయన కుడి కాలు బండికీ చెట్టు మొదలుకీ మధ్య ఇరుక్కుంది. ఇంజిన్ ఆగలేదు. ఆగకపోగా పూర్తి థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నిండా నొక్కినట్టు, అరుస్తోంది, ట్రాక్ గిర్రున తిరుగుతూనే ఉంది.

మంచు మీద గీతలు

నేను వెళ్లేటప్పటికి ఆ మలుపును తాడు కట్టి అలాగే ఉంచారు. అందుకు ఆ గైడ్‌ను మెచ్చుకోవాలి. తర్వాత మంచు కురవలేదు కాబట్టి గుర్తులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

స్కీల గీతలు రెండూ మలుపు మొదటి నుంచీ దాదాపు తిన్నగా ఉన్నాయి. కానీ గీత సన్నగా లేదు, వెడల్పుగా గీరుకుపోయినట్టు ఉంది. అంటే స్కీలు ఎడమకు తిరిగే ఉన్నాయి, బండి మాత్రం ముందుకే జారుతోంది. ఆయన హ్యాండిల్ తిప్పారు, బండి వినలేదు. ఇక ట్రాక్ గుర్తు చూస్తే, గట్టు దాకా లోతుగా తవ్వుకుంటూ మంచును వెనక్కి చిమ్మింది. బ్రేక్ పట్టి ట్రాక్ బిగిసిపోతే నున్నగా జారిన గుర్తు పడాలి. అది ఎక్కడా లేదు. చెట్టు తగిలే వరకు బండి మీద థ్రాటిల్ ఉంది.

ఆయన మాత్రం "బ్రేక్ గట్టిగా పట్టాను, వేలు కూడా తీశాననే అనుకుంటున్నాను" అన్నారు. నేను ఆ మాట నమ్మాను. ఆ క్షణంలో చేతులు ఏం చేశాయో మనిషికి తెలియదు. మోటార్‌సైకిల్ మీద ముందు బ్రేక్ కుడి చేతి లీవర్. కంగారులో కుడి చెయ్యి బిగించడం ఆయనకు ఏళ్ల తరబడి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. స్నోమొబైల్‌లో బ్రేక్ ఎడమ చేతిది. కుడి వైపు ఉండేది బొటనవేలితో నొక్కే థ్రాటిల్. బైక్‌కి మెలితిప్పితే వేగం వస్తుంది, దీనికి నొక్కితే వస్తుంది. కుడి పిడికిలి బిగిస్తే బొటనవేలు కూడా దాంతోపాటే బిగుసుకుంటుంది. ఆయన బ్రేక్ అనుకుని బిగించిన ప్రతిసారీ బండికి ఇంకాస్త వేగం ఇచ్చారు. ఎడమ చేత్తో పట్టిన బ్రేక్ దాని ముందు చాలలేదు.

అందుకే బైక్ వచ్చినవాళ్లను సగం నేర్చుకున్నవాళ్లుగా చూడొద్దని గైడ్లకు పదేపదే చెబుతాను. మామూలు సమయంలో వాళ్లు అందరికన్నా బాగా నడుపుతారు, చూడటానికి ధీమాగా ఉంటారు. కంగారు పుట్టిన ఒక్క సెకనులో, ఏ బండీ రానివాళ్లకు లేని ఒక తప్పుడు అలవాటు వాళ్లకు ఉంటుంది.

థ్రాటిల్ మీద ఉన్నప్పుడు బండి ఎందుకు తిరగలేదన్నది తేలిగ్గానే అర్థమవుతుంది. థ్రాటిల్ ఇస్తే బరువు వెనక ట్రాక్ మీదికి పోతుంది, ముందు స్కీలు తేలికవుతాయి. తేలికైన స్కీ మంచును కొరకదు. దానికి తోడు వెనక ఇంకో మనిషి బరువు. పైగా గట్టిగా గడ్డకట్టిన మలుపు. ఇవి చాలవన్నట్టు, స్కీల అడుగున నేలను పట్టుకునే కార్బైడ్ రన్నర్లు అరిగి గుండ్రంగా అయిపోయాయి. వేలితో రాస్తే అంచు తగల్లేదు. మెత్తటి మంచులో ఈ అరుగుదల ఎవరికీ తెలియదు, గట్టి మంచు మలుపులో తప్ప. అలాంటి మలుపు రాకముందే వేలు వదిలి, ఒంటి బరువు ముందుకూ లోపలికీ వేసి, స్కీలు పట్టుకున్నాక మెల్లగా థ్రాటిల్ ఇచ్చుకుంటూ బయటికి రావాలి.

మిగతా బండి బాగుంది. థ్రాటిల్ కేబుల్ గడ్డకట్టలేదు, స్ప్రింగ్ సరిగ్గా వెనక్కి లాగుతోంది, బ్రేక్ బాగా పడుతోంది.

చివరివాళ్లకే వేగం ఎందుకు

నా రిపోర్టులో ముఖ్యమైన భాగం ఇదే. గైడ్ జీపీఎస్ తీసి చూశాం. అడవి దారిలో అతను ఎక్కడా 45 కి.మీ. దాటలేదు, ఎక్కువసేపు 35 నుంచి 40 మధ్యే ఉన్నాడు. వెనక కూర్చున్న ఆమె ఫోన్‌లో కూడా దారి నమోదయ్యే యాప్ నడుస్తోంది. అదే దారిలో చివరి బండి కొన్ని చోట్ల 20కి పడిపోయి, ఆ వెంటనే 70 దాకా వెళ్లింది. ముందున్న మనిషీ వెనకున్న మనిషీ ఒకే టూర్‌లో ఉన్నారంటే ఆ రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూసిన నిర్వాహకుడు నమ్మలేకపోయాడు.

రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఇది అందరం చూసేదే. పచ్చ లైటు పడగానే మొదటి కారు కదులుతుంది, పదో కారు ఇంకా నిలబడే ఉంటుంది. ట్రైల్ మీద ప్రతి మలుపూ అలాంటిదే. గైడ్ మలుపు దాటి మళ్లీ 40 అందుకునే సమయానికి చివరి బండి అదే మలుపులోకి 20తో దిగుతూ ఉంటుంది. ఈలోపు ఖాళీ పెరుగుతుంది. రెండోవాడు దాన్ని పూడ్చడానికి కొంచెం ఎక్కువ వేగం తీసుకుంటాడు, మూడోవాడు ఇంకొంచెం. ఆరో బండి దాకా వచ్చేసరికి ఆ కొంచెం కొంచెం కలిసి పెద్దదవుతుంది. పైగా ముందు బండ్లు లేపిన మంచు పొడి అంతా చివరివాళ్ల కళ్ల ముందే. ముందున్న ఎర్ర లైటు కనిపించకపోతే అడవిలో ఒంటరిగా మిగిలిపోతామన్న టెన్షన్ ఒకటి. ఆయన మాటల్లోనే రాస్తాను: "నాకు వేగంగా వెళ్లాలని లేదు. లైటు పోతుందేమోనని భయం."

ఆ వేగానికీ హెడ్‌లైటుకీ లెక్క కుదరదు. స్నోమొబైల్ హెడ్‌లైటు వెలుగు సుమారు 60 మీటర్లు అనుకుందాం. 70 కి.మీ. అంటే సెకనుకు 19 మీటర్లకు పైనే. ఏదో కనిపించి చెయ్యి కదిలేలోపు ఒకటిన్నర సెకను తీసుకున్నా 29 మీటర్లు అయిపోతాయి. గట్టి మంచు మీద బ్రేక్ పడితే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గుతుందని లెక్కేస్తే ఆగడానికి ఇంకో 63 మీటర్లు కావాలి. మొత్తం 92. అంటే మలుపు కనిపించే సరికే ఆగే అవకాశం చేజారిపోయింది. అదే 40 కి.మీ. మీద అయితే మొత్తం 37 మీటర్లలో ఆగిపోవచ్చు, వెలుగు ఇంకా మిగిలే ఉంటుంది.

"ఎంత వేగం సురక్షితం?" అని గైడ్లు అంకె అడుగుతారు. కెనడాలోనే ఒంటారియో ట్రైల్స్ మీద పరిమితి 50 కి.మీ., పక్కనున్న క్యూబెక్‌లో 70. ఆ అంకెలు చట్టానికి పనికొస్తాయి. చీకటి పడుతున్న దారిలో, అరిగిన రన్నర్లతో, వెనక మనిషిని ఎక్కించుకుని నడిపే కొత్తవాడికి ఆ రెండింటిలో ఏదీ సమాధానం కాదు. హెడ్‌లైటు వెలుగులోపు ఆగగలిగే వేగమే అతని వేగం. వరుసలో చివరనున్న మనిషి ఆ వేగం దాటకుండా ఉండేలా ముందు నడిపించడమే గైడ్ పని.

పడిన తర్వాత

బండి కుడి పక్కకు ఒరిగింది కదా, థ్రాటిల్ లీవర్, ఇంజిన్‌ను ఆపే ఎర్ర కిల్ స్విచ్ రెండూ ఆ కుడి హ్యాండిల్‌కే ఉన్నాయి. హ్యాండిల్ గట్టులో కూరుకుపోయి, మంచు లీవర్‌ను పిడి వైపు నొక్కి పట్టింది. చాలా బండ్లలో థ్రాటిల్ ఇరుక్కుంటే ఇంజిన్‌ను ఆపే ఏర్పాటు ఉంటుంది. కానీ అది పనిచేసేది వేలు తీశాక కూడా కేబుల్ వెనక్కి రానప్పుడు. ఇక్కడ లీవరే నొక్కుకుని ఉంది. ఎవరో నడుపుతున్నారనే బండికి లెక్క.

ఇలాంటప్పుడు కాపాడాల్సింది టెథర్. ఒక కొస బండికి, ఇంకో కొస మన జాకెట్‌కి తగిలించుకునే చిన్న తాడు. మనిషి పడితే తాడు ఊడుతుంది, ఇంజిన్ ఆగుతుంది. బయల్దేరేటప్పుడు ఆయన తగిలించుకున్నారు. లేచి నిలబడినప్పుడల్లా లాగుతోందని, దారిలో ఆగినప్పుడు తీసి హ్యాండిల్‌కి చుట్టేశారు. గైడ్ ఉదయం చూశాడు, మళ్లీ చూడలేదు.

ఇంజిన్ ఆపింది ఆమె. కిల్ స్విచ్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. బ్రీఫింగ్ మొత్తం నడిపేవాళ్లకే ఇచ్చారు, వెనక కూర్చునేవాళ్లు పక్కన ఫొటోలు తీసుకుంటున్నారు. బైక్‌కి తాళంచెవి ఉంటుంది కదా అని ఆమె వెతికి, మంచు తవ్వి, గ్లవ్ తీసి తాళంచెవి తిప్పారు. ఎంతసేపు పట్టిందో ఇద్దరూ చెప్పలేకపోయారు. ఆమె తెలివి, ధైర్యం లేకపోతే తిరుగుతున్న ట్రాక్ పక్కన ఆయన గతి ఏమయ్యేదో ఊహించడానికే నాకు మనసు రావడం లేదు. ఆ తర్వాత కూడా ఆమె సరైన పనే చేశారు. పావు టన్ను దాటే బండిని ఎత్తడానికి పెనుగులాడకుండా, కాలి కింద మంచును చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. గ్లవ్ లేకుండా పనిచేసిన వేళ్ల చివర్లు తెల్లబడ్డాయి. పెద్ద గ్లవ్ లోపల పలుచటి ఉన్ని గ్లవ్ ఉండాలనేది ఇందుకే. మైనస్ 18లో 50 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఒంటికి తగిలే చలి మైనస్ 33తో సమానం. బండి మీదే సగం మొద్దుబారిన వేళ్లు అవి.

గైడ్‌కి విషయం తెలిసింది సరస్సు ఒడ్డున లైట్లు లెక్కపెట్టినప్పుడు. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఐదో బండివాళ్లకు తమ వెనక బండి లైటు కనిపించడం లేదని ముందే తెలుసు. "వస్తారులే అనుకున్నాం" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. వెనక లైటు పోతే ఆగాలని వాళ్లకెవరూ చెప్పలేదు.

అక్కడి నుంచి గైడ్ చేసిన పనులు మాత్రం శిక్షణలో చూపించదగినవి. మిగతా బండ్లన్నీ ఒడ్డు మీదే, మంచుగడ్డ ఎక్కకుండా వరుసగా పెట్టించి ఇంజిన్లు ఆపించాడు. ఎవరూ తన వెంట రావొద్దన్నాడు. ఇరుకు దారిలో ఎదురు బండ్లు వస్తాయేమోనని మెల్లగా ఒక్కడే వెనక్కి వెళ్లాడు. పార తీసి మంచు తొలగించి, ఆమెతో కలిసి బండిని అవతలికి నెట్టాడు. కాలు బయటికి తీశాక బూటు విప్పలేదు, దాని మీదే కదలకుండా కట్టు కట్టాడు. కింద బ్యాగులు, అదనపు సూట్లు పరిచి ఆయన్ని నేల మంచు మీద నుంచి లేపాడు. చలిలో పడి ఉన్న మనిషి ఒంట్లోని వేడిని కింద నుంచి నేల లాగేస్తూ ఉంటుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పినా. తర్వాత శాటిలైట్ పరికరంతో సందేశం పంపాడు.

ఒడ్డు దగ్గరున్న ఒకాయన, సరస్సు మీదుగా అడ్డంగా వెళ్తే అంబులెన్స్ వచ్చే రోడ్డుకు త్వరగా చేరతామని పట్టుబట్టాడట. గైడ్ ఒప్పుకోలేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ సూచన ప్రకారం స్నోమొబైల్‌కి గట్టి కొత్త మంచుగడ్డ కనీసం 5 నుంచి 7 అంగుళాలు, అంటే 13 నుంచి 18 సెంటీమీటర్లు ఉండాలి. తెల్లమంచు గడ్డ అయితే బలం సగమే, మందం రెట్టింపు కావాలి. ఆ సరస్సులోకి ఒక వాగు వచ్చి కలుస్తుంది. నీరు కదిలే చోట మంచుగడ్డ పలుచగా ఉంటుంది, చీకట్లో పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్లలో పడితే ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్లుగా పరిశోధించి ఒక సులువైన సూత్రం చెప్పారు: ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు 1 గంట. విరిగిన కాలితో ఒకాయన ట్రైల్ మీద ఉన్నప్పుడు, ఇంకో నలుగురిని ఆ లెక్కలోకి దించడానికి ఏ కారణమూ చాలదు. రెస్క్యూ బృందం ట్రైల్ మీదుగానే స్లెడ్ తెచ్చి ఆయన్ని తీసుకెళ్లింది. ఆలస్యమైంది, కానీ కొత్త ప్రమాదం జరగలేదు.

ఒక లోటు మాత్రం రాయాలి. ఫస్ట్ ఎయిడ్ సామాను, పార, శాటిలైట్ పరికరం అన్నీ గైడ్ బండి మీదే ఉన్నాయి. ప్రమాదం జరిగిన చోట ఆ ఇరవై నిమిషాలూ ఏదీ లేదు.

ఏం మార్చాం

అన్నిటికన్నా ముందు వరుస మార్చాం. కొత్తవాళ్లు, ఇద్దరు కూర్చున్న బండ్లు గైడ్ వెనకే. చివర ఎప్పుడూ రెండో గైడ్, అతని దగ్గర ఇంకో పార, కట్లు, శాటిలైట్ పరికరం. మలుపుల తర్వాత ముందు గైడ్ వెంటనే వేగం అందుకోడు. చివరి లైటు మలుపు దాటడం చూశాకే అందుకుంటాడు.

రెండోది, ప్రతి ఒక్కరూ తన వెనక బండికి కాపలా. వెనక లైటు కనిపించకపోతే ఆగాలి. ఆగితే నీ ముందువాడికి నీ లైటు కనిపించదు, అతనూ ఆగుతాడు. అలా ఒకరి తర్వాత ఒకరు ఆగి, రేడియోలు లేకుండానే విషయం గైడ్ దాకా చేరుతుంది. దీనికి అద్దం సరిగ్గా అమర్చుకోవడం తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు. ముందువాళ్లు ఎలాగూ ఆగుతారని తెలిస్తే, వెనకబడినవాడు పరిగెత్తడు. ఆయన్ని 70కి నెట్టిన భయానికి ఇదే మందు.

మూడోది వేలు డ్రిల్. బయల్దేరే ముందు ఖాళీ మైదానంలో మెల్లగా నడిపిస్తూ గైడ్ చెయ్యి ఎత్తగానే అందరూ కుడి చేతి వేళ్లన్నీ చాపి పిడి వదలాలి, ఎడమ చేత్తో బ్రేక్ పట్టాలి. బొటనవేలు ఒక్కటే తీయమంటే కంగారులో తీయలేరు, చెయ్యి మొత్తం తెరవమంటే తెరుస్తారు. బైక్ వచ్చినవాళ్లతో ఇది ఎక్కువసార్లు చేయించాలి. మొదట్లో వాళ్లే ఎక్కువ తడబడతారు, అది చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు.

వెనక కూర్చునేవాళ్లకు కూడా పూర్తి బ్రీఫింగ్ ఉంటుంది. కిల్ స్విచ్, టెథర్, తాళంచెవి మూడింటితోనూ ఇంజిన్ ఆపి చూపించాలి. ఆగిన ప్రతిచోటా మళ్లీ కదిలే ముందు గైడ్ ప్రతి టెథర్‌ను చేత్తో లాగి చూస్తాడు. లాగుతోందని ఎవరైనా అంటే పొడుగు తాడు ఇస్తాడు. రన్నర్ల అంచును రోజూ వేలితో తడిమి చూడటం మెకానిక్ జాబితాలో చేరింది.

ఈ మార్పుల తర్వాత అదే దారిలో చివరి బండి మీద నేను వెళ్లాను. ముందు గైడ్ వేగానికీ నా వేగానికీ తేడా ఎక్కడా 10 కి.మీ. దాటలేదు. బసకు చేరడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పట్టింది, దానికి తగ్గట్టు బయల్దేరే వేళ ముందుకు జరిపారు. ఆలస్యమైతే సరస్సు దాకా వెళ్లకుండా సగం దారిలో తిప్పేస్తారు.

ఒక విషయంలో నిర్వాహకులతో నాకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. మొదటిసారి నడిపేవాళ్లు వెనక మనిషిని ఎక్కించుకోకూడదని నా సిఫారసు. ముందు స్కీల మీద బరువు తగ్గడం, ఒకరి తప్పు ఇద్దరి మీద పడటం రెండూ కారణాలే. జంటగా వచ్చేవాళ్లు ఒకే బండి అడుగుతారని నిర్వాహకుల వాదన. ప్రస్తుతానికి మొదటి గంట విడివిడిగా నడిపించి, గైడ్ చూసి ఒప్పుకుంటేనే ఇద్దర్నీ ఒకే బండి ఎక్కించే పద్ధతి పెట్టారు. వచ్చే సీజన్‌లో ఆ జంటల బండ్ల వేగాల రికార్డులన్నీ నాకు పంపాలని అడిగాను, పంపుతామన్నారు.